పాముకి ఒక పేరా చాలు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి పాము కోసం, రెండోసారి అసలు యాంటీబాడీ ఎక్కడుందా అని వెతుక్కుంటూ. నాలుగు పేజీల్లో రెండున్నర పేజీలు బ్రెజిల్ జరారాకా పామే పాకింది. దాని విషం మీద జరిగిన పరిశోధనే కాప్టోప్రిల్ అనే బీపీ మందుకి దారి తీసింది, 1981లో అమెరికాలో ఆ మందుకి అనుమతి వచ్చింది, అంతా నిజమే. కానీ నువ్వు రాస్తానన్నది ల్యాబులో వాడే ఏస్ యాంటీబాడీ గురించి కదా, అంటే బీపీని పెంచే ఏస్ (ACE) అనే ఎంజైమ్‌ని వెతికి అతుక్కునే ప్రొటీన్ గురించి!

ఏస్ చేసే పని మాత్రం చక్కగా చెప్పావు. యాంజియోటెన్సిన్ పది పూసల దండ అనీ, ఏస్ చివరి రెండు పూసలు కత్తిరించేస్తే మిగిలిన ఎనిమిది పూసల దండ రక్తనాళాల్ని బిగిస్తుందనీ రాశావే, అది మా అమ్మకి చదివి వినిపించినా అర్థమవుతుంది. అక్కడే ఇంకో మాట కలుపు. ఇదే కత్తెర, రక్తనాళాల్ని వదులు చేసే బ్రాడీకైనిన్ అనే ఇంకో దండని కూడా ముక్కలు చేస్తుంది. రామిప్రిల్ లాంటి బీపీ బిళ్ల ఆ కత్తెరని ఆపేస్తే బ్రాడీకైనిన్ పేరుకుంటుంది. కొందరికి పొడిదగ్గు పట్టుకోవడానికి అదే ముఖ్య కారణమంటారు. ఆ దగ్గు మన పాఠకుల ఇళ్లలోనే ఉంది.

యాంటీబాడీకి బదులు రాసిన ‘ప్రతిరక్షకం’ తీసెయ్. కరోనా తర్వాత యాంటీబాడీ అన్న మాట కిళ్లీకొట్టు దాకా వెళ్లింది.

చాలా ఏళ్ల కిందట నేనూ ఇలాంటి వ్యాసమే రాశాను. ‘రక్తపోటుపై యాంటీబాడీ గురి’ అని హెడ్డింగ్ పెట్టుకుని తెగ మురిసిపోయాను. వారం తిరక్కుండా ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. “బాబూ, మా ఆవిడకి బీపీ. ఈ యాంటీబాడీ ఏ షాపులో దొరుకుతుంది?” ఇది మందు కాదండీ, చిటికెనవేలంత ట్యూబులో ఫ్రీజర్లో దాచుకుని, కణాల్లో ఏస్ ఉందో లేదో చూసుకోవడానికి వాడే సరుకు అని చెప్పేసరికి నా నోరు ఎండిపోయింది. పరిశోధనకి మాత్రమే అన్న ముక్క ఆ సరుకుతో వచ్చే కాగితం మీద ఉంటుంది. నా వ్యాసంలో లేదు. నీ దాంట్లోనూ లేదు.

ఇక అసలు పేచీ. ‘ఈ యాంటీబాడీ ఏస్‌ని మాత్రమే గుర్తిస్తుంది’ అని రాశావు. ఎవరు చెప్పారు? అమ్మేవాళ్ల కాగితమేనా? యాంజియోటెన్సిన్ వెళ్లి అతుక్కునే ఏటీ1 రిసెప్టర్ సంగతి చూడు. దాన్ని పట్టిస్తాయని మార్కెట్లో అమ్ముతున్న యాంటీబాడీల్ని, ఆ జీన్ తీసేసిన ఎలుకల మీద కొందరు పరీక్షించి 2012, 2013ల్లో ఫలితాలు ప్రచురించారు. యాంటీబాడీ దేన్నైనా పట్టిందంటే పరీక్షలో ఒక గీత వస్తుంది; రిసెప్టరే లేని ఎలుకల్లోనూ అవే గీతలు కనిపించాయి! అప్పటిదాకా వాటిని నమ్మి పేపర్లు రాసినవాళ్ల టెన్షన్ ఊహించుకో.

అందుకని ఇంకోసారి ల్యాబుకి వెళ్లు, వెస్టర్న్ బ్లాట్ చేసే రోజు చూసుకుని. ప్రొటీన్లని జెల్‌లో పోసి కరెంటు పెడతారు. చిన్నవి ముందు పరిగెడతాయి, పెద్దవి వెనకబడతాయి. తర్వాత వాటిని పల్చటి పొర మీదికి దింపి, ఖాళీ జాగాల్లో యాంటీబాడీ అంటుకోకుండా పాలపొడి కలిపిన ద్రావణంలో నానబెడతారు. అవును, వెన్న తీసిన మామూలు పాలపొడే. ఆ తర్వాత యాంటీబాడీ వేస్తే, అది ఏస్‌ని పట్టిన చోట చివరికి మిగిలేది ఒక నల్లటి గీత. ఊపిరితిత్తుల నమూనా అయితే అది దాదాపు 170–180 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర రావాలి. వృషణాలదైతే 100 పైచిలుకు దగ్గరే, ఎందుకంటే అక్కడి ఏస్‌లో మొదటి సగం ఉండదు. యాంటీబాడీ ఆ మొదటి సగాన్ని పట్టేదైతే వృషణాల గడిలో ఆ 100 పైచిలుకు గీత రాదు. మరి నువ్వు చూసినది ఏ సగాన్ని పట్టేది? వ్యాసంలో ఎక్కడా లేదు.

ఏస్ జీన్ తీసేసిన ఎలుకలు 1990ల నుంచే ఉన్నాయి. నాకౌట్ ఎలుకలంటారు, వాటి బీపీ తక్కువగా ఉంటుంది. అలాంటి ఎలుక నమూనా పక్క గడిలో వేశారా అని అడుగు. వేసి ఉంటే, ఆ గడి ఖాళీగా కనబడితే, వ్యాసం అక్కణ్ణించే ఎత్తుకో. వెయ్యలేదంటే మొహమాటపడకుండా అదే రాయి.

ఆదివారం లోపు పంపు, ఊళ్లోనే ఉంటాను. పాముని పూర్తిగా తీసెయ్యకు, ఆ మొదటి పేరా నాకు నచ్చింది.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య