ఇద్దరు ఆడపిల్లల ఇల్లు: పేలు, ఒత్తులు, పొదుపు ఖాతా, పట్టు పరికిణీ

ఈ నెల ఉత్తరాలు నాలుగూ ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల నుంచి వచ్చాయి. నాలుగిళ్లలోనూ ఇద్దరేసి ఆడపిల్లలే.

ప్రశ్న: పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఆరు. బడి తెరిచిన దగ్గర్నుంచి పెద్దదాని తలనిండా పేలు. మందుల షాపులో ఇచ్చిన లోషన్ రాస్తే తగ్గాయి గానీ రెండు వారాలకి మళ్లీ మామూలే. కిరసనాయిలు రాయమని అత్తగారు అంటున్నారు. జుట్టు కత్తిరించెయ్యాలా? (రాయగడ)

జవాబు: కిరసనాయిలు వద్దే వద్దమ్మా. నెత్తి బొబ్బలెక్కుతుంది, పొయ్యి దగ్గరికి వెళ్తే జుట్టు అంటుకుంటుంది. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పట్టించే అలవాటుంటే అదీ మానండి. కర్పూరం చర్మంలోంచి ఒంట్లోకి దిగి చిన్నపిల్లలకు ఫిట్స్ తెప్పించగలదు.

మందు ఒక్కసారే రాశారు, ఒక్క తలకే రాశారు. పేలు తిరిగి రావడానికి ఈ రెండూ చాలు. పేలకి వాడే పర్మెత్రిన్ 1 శాతం లోషన్ తిరిగే పేలను చంపుతుంది, ఈపులన్నిటినీ చంపలేదు. ఈపి పగలడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. ఆ పిల్లపేలు ఎదిగి గుడ్లు పెట్టకముందే, అంటే 9వ రోజు ప్రాంతంలో, రెండోసారి రాయాలి. అక్కాచెల్లెళ్లు ఒకే మంచం మీద తల తలా ఆనించి పడుకుంటే ఇటువి అటు, అటువి ఇటు పాకుతాయి. పేలు ఎగరవు, గెంతవు, పాకడమే వాటికి తెలిసింది. అందుకని ఇంట్లో అందరి తలలూ ఒకేరోజు చూడండి, మీదీ అత్తగారిదీ కూడా. ఎవరెవరికి కనిపిస్తే వాళ్లందరికీ ఆరోజే మందు.

ముందు మామూలు షాంపూతో తల కడగండి, కండిషనర్ వాడకూడదు. తువ్వాలుతో గట్టిగా తుడిచి, నీళ్లు కారని తడి జుట్టు మీదే లోషన్ పట్టించాలి. నీళ్లోడుతుంటే మందు పలచబడి పని చెయ్యదు. చెవుల వెనకా, మెడ పైనా బాగా అందాలి, పేలు ఎక్కువగా దాక్కునేది అక్కడే. 10 నిమిషాలుంచి కడిగెయ్యండి. కళ్లలో పడకుండా పిల్ల చేతికి మడిచిన తువ్వాలు ఇచ్చి మొహానికి అదిమి పట్టుకోమనండి.

అసలు పని దువ్వెనది. జుట్టును నాలుగు పాయలు చేసి, ఒక్కో పాయనూ పేల దువ్వెనతో మొదలంటా ఆనించి చివరిదాకా లాగండి. లాగినప్పుడల్లా తెల్లగుడ్డ మీద తుడిస్తే ఏం వస్తున్నాయో కనిపిస్తుంది. మూడు నాలుగు రోజులకోసారి చొప్పున రెండు వారాలు తడి జుట్టు మీద ఇలాగే దువ్వాలి. మందు రాయని రోజుల్లో కొబ్బరినూనో కండిషనరో రాసి దువ్వితే పేలు చురుగ్గా కదల్లేవు. నెత్తికి సెంటీమీటరు కంటే దూరంగా అంటుకున్న ఈపులు చాలావరకు ఖాళీ పెంకులే, వాటిని చూసి కంగారుపడి మళ్లీ మళ్లీ మందు రాయకండి. తలను వదిలిన పేను ఒకటి రెండు రోజులకు మించి బతకదు కాబట్టి పరుపులు ఎండేయడం, ఇల్లంతా మందు కొట్టడం దండగ. దిండు గలీబులు, దువ్వెనలు వేడినీళ్లలో వేస్తే చాలు. జుట్టు కత్తిరించక్కర్లేదు, బడికి రెండు జడలు వేసి రిబ్బనుతో పైకి మడిచి కట్టండి.

ప్రశ్న: పెద్దమ్మాయి ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ రాయమంటే ‘నేల’కి ‘నెల’ అని రాస్తుంది. తిట్టినా మారట్లేదు. (పర్లాకిమిడి)

జవాబు: తిట్టకండి, అది నిర్లక్ష్యం కాదు. ఒడియాలో ఎ, ఏలకు ఒకటే అక్షరం, ఒ, ఓలకూ ఒకటే. ఇ–ఈ, ఉ–ఊలకు అక్షరాలు వేరుగా ఉన్నా పలకడంలో తేడా చూపరు. శ, ష, స మూడూ వాళ్ల నోట ‘స’ అవుతాయి. పిల్ల ఆ అలవాటునే మన లిపిలోకి తెచ్చుకుంటోంది. వ్యవహార భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడిన ఊళ్లో ఈ మాత్రం సమస్య తీరకపోదు.

నెల–నేల, మెడ–మేడ, కొన–కోన లాంటి జంటలు అట్టముక్కల మీద రాయండి. మీరు పలకాలి, పిల్ల ముక్క ఎత్తాలి. దీర్ఘం వచ్చినప్పుడు చెయ్యి పక్కకి చాపమనండి, చెవికి అందని తేడా ఒంటికి తెలుస్తుంది. రోజుకి పది నిమిషాలు చాలు. వారానికి ఒకే జంట గుణింతాలు పట్టుకోండి, ఈ వారం ఎ–ఏ అనుకుంటే వచ్చే వారం ఒ–ఓ. ఒత్తుల్లో ద్ద, గ్గ, డ్డ తేలిగ్గా పట్టుబడతాయి, తలకట్టు తీసిన అక్షరమే కింద కూచుంటుంది కదా. త, న, మ, య, ర, ల ఒత్తులే అక్షరంతో పోలిక లేనివి, ఆ ఆరింటికీ విడిగా ముక్కలు చేయించండి. అవి చెల్లెలి కోసం అక్క చేత్తో రాయిస్తే అక్కకీ వస్తాయి.

ప్రశ్న: పార్వతీపురంలో ఉన్న మా నాన్నగారు మనవరాళ్లిద్దరికీ సుకన్య సమృద్ధి (ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు పథకం) ఖాతాలు తెరుస్తానంటున్నారు. మేం ఒడిశాలో ఉంటాం. పెద్దదానికి వచ్చే నెల పదేళ్లు నిండుతాయి. (గుణుపూరు)

జవాబు: తాతగారు డబ్బివ్వొచ్చు, ఖాతా మాత్రం మీరో మీవారో తెరవాలి. అమ్మానాన్నలు ఉండగా తాత సంరక్షకుడు కాలేరు. పదేళ్లు నిండాక తెరవనివ్వరు కాబట్టి ముందు పెద్దదాని ఖాతా ఈ వారమే తెరవండి. పుట్టిన సర్టిఫికెట్టు తీసి చూడండి, చాలామంది పిల్లలకి అందులో పేరు గడి ఖాళీగా ఉంటుంది. అలా ఉంటే ముందు పేరు ఎక్కించాలి. దాంతోపాటు మీ ఆధార్, పాన్ పట్టుకెళ్లండి.

ఏడాదికి ఒక్కో ఖాతాలో కనీసం 250, గరిష్ఠం 1.5 లక్షల రూపాయలు. 15 ఏళ్లు కట్టాలి. అమ్మాయికి 21 ఏళ్లు రాగానే డబ్బు వస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ గడువు ఖాతా తెరిచిన రోజు నుంచి 21 ఏళ్లు. అంటే మీ పెద్దమ్మాయికి దాదాపు 31. అయితే 18 నిండినా పది పాసైనా చదువుకి అంతకుముందు ఏడాది చివరి నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు. 18 దాటాక పెళ్లి కుదిరితే ముందే మూసెయ్యొచ్చు. నెల నెలా కట్టేవాళ్లు 5వ తేదీ లోపు కట్టండి. వడ్డీ లెక్క 5వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న అతి తక్కువ నిల్వ మీద వేస్తారు, 6న కడితే ఆ నెల వడ్డీ పోయినట్టే. ఒక ఏడాది కట్టడం తప్పితే 50 రూపాయల జరిమానాతో ఖాతా నిలబెట్టుకోవచ్చు. ఇల్లు మారితే ఖాతాను దేశంలో ఎక్కడికైనా బదిలీ చేస్తారు.

ప్రశ్న: పెద్దదాని బట్టలు తొడిగితే చిన్నది ఏడుస్తోంది. సంక్రాంతికి పట్టు పరికిణీలు కుట్టిస్తున్నాం, రెండేళ్లు వచ్చేలా ఎలా? (రాయగడ)

జవాబు: చిన్నదాని ఏడుపు న్యాయమైందే. పండక్కైనా ఇద్దరికీ కొత్తవే కొనండి, ఇంట్లో వేసుకునేవి మాత్రం అక్కవి చాలు. పరికిణీ అంచుకి పైన రెండు అడ్డమడతలు వేయించండి. అంగుళం మడతకు రెండంగుళాల గుడ్డ పడుతుంది, విప్పితే అంత పొడవూ పెరుగుతుంది. పట్టుకి సూది గుచ్చిన బెజ్జాలు, మడత గీత ఉండిపోతాయి, అందుకని మడతను జరీ అంచుకి ఆనుకునే వేయమనండి. విప్పాక ఆ గీత మీద సన్నటి జరీ లేసు కుట్టేస్తే కనపడదు. జాకెట్టుకి చంకల దగ్గరా పక్కలా అంగుళం గుడ్డ లోపలికి వదలమని కొలతలిచ్చేటప్పుడే చెప్పండి. కత్తిరించాక దర్జీ ఏం చేయలేడు.