మీటరు మీద రెండు వరసల అంకెలు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

దేవరకొండ వైపు నీకు కొత్తగా రెండు ఆర్వో ప్లాంట్లు అప్పజెప్పారని చెల్లె ఫోన్‌ చేసి చెప్పింది. చాలా సంతోషం. నీళ్లలో ఉప్పును వడపోసే మెంబ్రేన్ల కాగితాల్లో అన్నీ గ్యాలన్లే ఉన్నాయని, ఆ లెక్కలతో టెన్షన్ పడుతున్నావని కూడా అన్నది. ఫోన్‌లో అంకెలు చెప్తే నిలవవు, అందుకే రాస్తున్నా. దాచుకో.

ముందు నాకు జరిగింది చెప్తా. చండూరు దగ్గర ఒక ఊళ్లో గంటకు వెయ్యి లీటర్ల ప్లాంటు పెట్టాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన పెద్దమనుషులను చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి ఆ పనంటే నాకు ప్రాణం. బోర్డు మీద రెండు ఫ్లో మీటర్లు బిగించాం. ఒకటి మంచినీళ్లకు, ఒకటి రిజెక్ట్‌కు, అంటే ఉప్పుతో బయటికి వదిలేసే నీళ్లకు. వాటిని నువ్వూ చూసే ఉంటావు. గాజులాంటి గొట్టం, లోపల పైకీ కిందికీ ఆడే బుడ్డి, గొట్టానికి ఒకవైపు ఎల్పీఎం, అంటే నిమిషానికి లీటర్ల అంకెలు, ఇంకోవైపు జీపీఎం, అంటే నిమిషానికి గ్యాలన్ల అంకెలు. కంపెనీ కాగితంలో రిజెక్ట్ 4కి తగ్గొద్దని ఉంది. నేను వాల్వ్ తిప్పి, బుడ్డి 4 దగ్గర నిలబడగానే వదిలేశాను. కాగితంలో ఉన్నది 4 జీపీఎం. నేను చూసింది ఎల్పీఎం వరస.

మంచినీళ్లు నిమిషానికి 16 లీటర్లు వస్తున్నాయి, రిజెక్ట్ 4 లీటర్లే పోతోంది. ఇరవై లీటర్లలో పదహారు తాగే నీళ్లంటే ఊరంతా మెచ్చుకున్నది. ఇంత తక్కువ వేస్ట్ ఎక్కడా చూడలేదన్నారు. మూడు నెలలు తిరగకుండానే నీళ్లు తగ్గాయి, టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పు, పెరిగింది. మెంబ్రేన్ బయటికి లాగితే కొత్తదాని కంటే ఎంతో బరువు. చివర్న తెల్లటి పెచ్చు, గోరుతో గీకినా రాలేదు. మూడు మెంబ్రేన్లూ పోయాయి. డబ్బు నా చేతి నుంచే పెట్టుకున్నా. అంతకంటే ఎక్కువ బాధ ఏమిటంటే, ఆ ఆఖరి వారాల్లో ఆ ఊరి పిల్లలు తాగిన నీళ్లు ఉండాల్సినంత శుభ్రంగా లేవు.

ఎందుకలా అయిందో లెక్కగా చూడు. 4 జీపీఎం అంటే నిమిషానికి 15 లీటర్ల పైనే. అంత వదిలితే, లోపలికి వెళ్లే 31 లీటర్లలో సగం నీళ్లు ఉప్పును పట్టుకుని బయటికి పోతాయి, రిజెక్ట్‌లో ఉప్పు రెండింతలు చిక్కబడుతుంది. 4 లీటర్లే వదిలితే అదే ఉప్పు అయిదింతలు చిక్కబడుతుంది. మన బోరు నీళ్లలో సున్నం ఎంత ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. అది మెంబ్రేన్ మీదే పేరుకుంటుంది.

ఇక మార్చే పద్ధతి. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు. జీపీఎంను 3.785తో గుణిస్తే ఎల్పీఎం. సైట్‌లో ఫోన్ తీయకుండా చేయాలంటే నాలుగుతో గుణించి, వచ్చినదాంట్లో ఇరవయ్యో వంతు తీసెయ్యి. 10 జీపీఎం అంటే నలభై, అందులో రెండు తీస్తే 38. అసలు లెక్క 37.85. వాల్వ్ తిప్పడానికి ఆ మాత్రం చాలు. వెనక్కి రావాలంటే ఎల్పీఎంను 3.785తో భాగించు. పంపు కాగితంలో గంటకు ఘనపు మీటర్లు ఇస్తే, ఒక్కో ఘనపు మీటరుకు 4.4 జీపీఎం, లేదా నిమిషానికి 16.67 లీటర్లు.

గ్యాలన్ అన్నప్పుడు ఇంకొకటి చూసుకో. మా నాన్న కాలం నుంచి మనకు గ్యాలన్ అంటే నాలుగున్నర లీటర్లు. అది ఇంగ్లండ్ గ్యాలన్, సరిగ్గా చెప్పాలంటే 4.546. హైదరాబాద్‌కు మన అక్కంపల్లి నుంచి పోయే కృష్ణా నీళ్లు ఒక్కో దశకు 90 ఎంజీడీ, అంటే రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు అంటారు. అది ఈ పెద్ద గ్యాలనే, రోజుకు దాదాపు 409 మిలియన్ లీటర్లు. నీ చేతిలోని మెంబ్రేన్ కాగితంలో ఉన్నది మాత్రం అమెరికా గ్యాలన్. రెండింటికీ ఇరవై శాతం తేడా. నాలుగించుల మెంబ్రేన్ మీద 2,400 జీపీడీ (రోజుకు గ్యాలన్లు) అని ఉంటే, రోజుకు 9,084 లీటర్లు, అంటే గంటకు 378. మూడు పెడితే 1,134. అదే నాలుగున్నరతో లెక్క కడితే 1,350 లీటర్లని సర్పంచ్ దగ్గర ఒప్పుకుంటావు, ఆ నీళ్లు ఎప్పటికీ రావు. పైగా కాగితంలోని అంకె 25 డిగ్రీల నీళ్లతో, వాళ్లు పెట్టుకున్న ఉప్పు లెక్కతో పరీక్షించి ఇచ్చినది. మన నీళ్లకు కొంత తగ్గించే మాట ఇవ్వు. ఇళ్లలో పెట్టే చిన్న ఆర్వోలకూ ఇదే. 75 జీపీడీ అంటే గంటకు 12 లీటర్లకు కొంచెం తక్కువ.

ఇక్కడే గమనించు, గ్యాలన్ ఒక్కటే మారడం లేదు, కాలం కూడా మారుతోంది. మెంబ్రేన్ రోజు లెక్కలో, పంపు గంట లెక్కలో, మీటరు నిమిషం లెక్కలో, కాలువ సెకను లెక్కలో ఉంటాయి. సాగర్ ఎడమ కాలువ 11,000 క్యూసెక్కులంటే సెకనుకు అన్ని ఘనపు అడుగులు. ఒక క్యూసెక్కు 28.3 లీటర్లు. ఆ 11,000 క్యూసెక్కులూ రోజంతా పారితే టీఎంసీకి కాస్త తక్కువ. కాబట్టి ముందు గ్యాలన్‌ను లీటరు చెయ్యి, తర్వాత రోజును గంట చెయ్యి. రెండూ ఒకేసారి చేయబోతే నాలాంటి పాతవాళ్లకే తప్పుతుంది.

బోరు దగ్గర రైతు ఇంచున్నర నీళ్లున్నాయంటాడు. ఆయన చెప్పేది పైపు లెక్క, నీకు కావలసింది నిమిషం లెక్క. మర్యాదగా విని, రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టు. యాభై సెకన్లలో నిండితే నిమిషానికి 240 లీటర్లు, అంటే 63 జీపీఎం.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ఇదే డ్రమ్ము పని, ప్లాంటు లోపల. ఇరవై లీటర్ల క్యాన్ ఒకటి నీ బండిలోనే ఉంచుకో. కిరాణం కాటా మీద ఖాళీ క్యాన్ పెట్టి, సరిగ్గా ఇరవై కిలోల నీళ్లు పోసి, ఆ గీత దగ్గర మార్కర్‌తో రాసుకో. రిజెక్ట్ పైపు దాని కింద పెట్టి ఫోన్‌లో సెకన్లు చూడు. 4 జీపీఎం అయితే 79 సెకన్లలో గీతను తాకాలి. నా చండూరు ప్లాంటులో ఆ రోజు పెట్టి ఉంటే అయిదు నిమిషాలు పట్టేది, తప్పు అక్కడే దొరికేది. మంచినీళ్లు 16 ఎల్పీఎం అయితే 75 సెకన్లు. మీటరు చదివేటప్పుడు కన్ను బుడ్డితో సమానంగా ఉండాలి, వంగి చూస్తే అంకె మారుతుంది.

ఇంకొకటి, కొత్త మీటరు బిగించగానే జీపీఎం వరస మీద ఇన్సులేషన్ టేపు అతికించు. నువ్వు లేనప్పుడు ఆపరేటర్ పిల్లవాడు చూసుకోవడానికి ఒక్క వరసే ఉండాలి. రిజెక్ట్ ఎంత ఉండాలో లీటర్లలో, పక్కనే "నిమిషానికి" అని తెలుగులో, బోర్డు మీదే రాసిపెట్టు.

ఆదివారం వాల్వులు సెట్ చేస్తావట కదా. దానికి ముందు మెంబ్రేన్ కాగితం, రెండు మీటర్ల ఫొటోలు నాకు వాట్సాప్ చెయ్యి. ఎంత రాత్రయినా చూసి ఫోన్ చేస్తా.

మీ మామ,
నల్లగొండ