కిడ్నీ రాయికి లేజర్ ఆపరేషన్: ఎఫ్‌డీ తీయాలా, కొత్త పాలసీ కొనాలా?

ప్రశ్న: మాది విజయవాడ. మావారికి 38 ఏళ్లు, ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, నెలకు 46,000 చేతికి వస్తుంది. పోయిన నెల నడుము పక్కన తట్టుకోలేని నొప్పి వస్తే స్కాన్ తీయించాం. ఎడమవైపు మూత్రనాళంలో 9 మి.మీ. రాయి, అదే వైపు కిడ్నీలో 12 మి.మీ. రాయి ఉన్నాయన్నారు. కోత లేకుండా లేజర్‌తో రెండూ ఒకేసారి తీసేస్తామని, సింగిల్ రూమ్‌తో కలిపి 1,40,000 అవుతుందని, తర్వాత లోపల పెట్టే సన్నని గొట్టం (స్టెంట్) తీయడానికి వేరేగా 12,000 కట్టాలని చెప్పారు. కంపెనీ ఇచ్చిన 3 లక్షల గ్రూప్ పాలసీ ఉంది, అందులో రూమ్ అద్దె రోజుకు 1 శాతం వరకే. సేవింగ్స్ ఖాతాలో 55,000, పాప చదువుకని వేసిన 2 లక్షల ఎఫ్‌డీ, నెలనెలా కడుతున్న ఒక చీటీ ఉన్నాయి. తెలిసిన ఏజెంటు ఒకాయన ‘ఇప్పుడే మంచి పాలసీ తీసుకోండి, రాయి సంగతి ఫారంలో రాయొద్దు, కొన్నాళ్లు ఆగి చేయించుకోండి’ అంటున్నారు. మా అత్తగారేమో కొండపిండి ఆకు, ఉలవచారు వాడి చూద్దామంటున్నారు. మేం ఏం చేస్తే మంచిది?

జవాబు: అమ్మా, ఈ రెండు రాళ్లనీ కంపెనీ పాలసీతోనే ఇప్పుడే తీయించేయండి. పాప ఎఫ్‌డీ తీయొద్దు, చీటీ పాడొద్దు. సొంత పాలసీ మీ ఇంటికి తప్పకుండా కావాలి, అయితే దాన్ని రాయి సంగతి దాచకుండా రాసి కొనాలి. ఏజెంటు చెప్పిన దారిలో మాత్రం ఒక్క అడుగు కూడా వేయకండి.

ముందు ఆగడం గురించి. నేను డాక్టర్ని కాను, కానీ ఇది డబ్బుతో ముడిపడిన విషయమే కాబట్టి చెబుతున్నాను. 5 మి.మీ. లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే మూత్రంలో పడిపోతాయి. 9 మి.మీ. రాయి మూత్రనాళంలో ఇరుక్కుంటే అలా పడిపోయే అవకాశం తక్కువ. నొప్పి తగ్గినంత మాత్రాన రాయి పోయినట్టు కాదు. నొప్పి లేకుండానే మూత్రానికి అడ్డుపడి, కిడ్నీ వాచి, నెమ్మదిగా దాని పనే తగ్గిపోవచ్చు. ఇక జ్వరం, చలివణుకు వచ్చాయంటే అది ఎమర్జెన్సీ, అదే రోజు హాస్పిటల్‌కు వెళ్లాలి. అప్పుడు ఐసీయూ దాకా వెళ్తే ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఎస్టిమేట్ ఎందుకూ చాలదు. అత్తగారు ప్రేమతోనే చెప్పారు. ఉలవచారు భోజనంలో ఉండొచ్చేమో డాక్టరును అడగండి, దానికోసం ఆపరేషన్ తేదీని మాత్రం జరపకండి.

ఇప్పుడు ఏజెంటు సలహా. ఆరోగ్య పాలసీలు దాదాపు అన్నింటిలోనూ కొన్ని జబ్బులకు విడిగా వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ కొన్నాక క్లెయిమ్ ఇవ్వని కాలం, ఉంటుంది. మూత్ర వ్యవస్థలో రాళ్లు ఆ జాబితాలోనే ఉంటాయి. మామూలుగా 2 ఏళ్లు, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం 3 ఏళ్ల వరకూ పెట్టొచ్చు. అంటే ‘కొన్నాళ్లు ఆగడం’ అంటే రెండేళ్లకు పైగా ఆగడం. 9 మి.మీ. రాయిని మూత్రనాళంలో పెట్టుకుని రెండేళ్లు కూర్చోవడం కుదిరే పని కాదు. పైగా దాచితే దాగదు. మీ స్కాన్ రిపోర్టు మీద తేదీ ఉంది. రేపు ఏ హాస్పిటల్‌లో చేరినా కేస్ షీట్‌లో ‘ఎప్పటి నుంచి ఉంది’ అని రాస్తారు. క్లెయిమ్ వచ్చినప్పుడు బీమా కంపెనీ మొదట అడిగేవి మొదటి కన్సల్టేషన్ కాగితాలే. దొరికితే ఈ క్లెయిమ్ ఒక్కటే పోదు, పాలసీనే రద్దు చేయొచ్చు. అప్పుడు మీకూ పాపకూ ఉన్న కవర్ కూడా పోతుంది. ప్రీమియం కట్టేది మీరు, ఫారం మీద సంతకం మీవారిది, కమీషన్ ఏజెంటుది. సంతకం పెట్టినవాళ్లే జవాబు చెప్పుకోవాలి.

గ్రూప్ పాలసీ మీకున్న పెద్ద బలం. చాలా కంపెనీల గ్రూప్ పాలసీల్లో ఇలాంటి వెయిటింగ్ పీరియడ్‌లు మొదటి రోజు నుంచే ఎత్తేసి ఉంటాయి. మీదీ అలాంటిదేనా అని హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో అడగండి, నోటిమాట చాలదు. అదే మెయిల్‌లో కిడ్నీ రాళ్లకు విడిగా సీలింగ్ ఏమైనా ఉందా, కో-పే, అంటే బిల్లులో మీరు కట్టాల్సిన వాటా, ఎంత అని కూడా అడగండి. కొన్ని గ్రూప్ పాలసీల్లో 3 లక్షల కవర్ ఉన్నా రాళ్లకు మాత్రం ఇంతే ఇస్తామని రాసి ఉంటుంది. ఆ మాట బిల్లు కట్టే కౌంటర్ దగ్గర తెలియకూడదు.

మీ డబ్బు అసలు ఎక్కడ పోబోతోందంటే, ఆ సింగిల్ రూమ్ దగ్గర. 3 లక్షల్లో 1 శాతం అంటే రోజుకు 3,000. మీరు 6,000 రూమ్ తీసుకుంటే కోత పడేది ఆ పై 3,000కే అని చాలామంది అనుకుంటారు. అలా కాదు. చాలా పాలసీల్లో లిమిట్‌కు రెట్టింపు అద్దె రూమ్ తీసుకుంటే సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఛార్జీలు కూడా సగమే ఇస్తారు. మందులు, స్టెంట్ లాంటి పరికరాలు, పరీక్షల మీద ఈ కోత ఉండదు. ఉదాహరణకు మీ 1,40,000లో రెండు రోజుల రూమ్ 12,000, డాక్టర్ల ఫీజులు, థియేటర్ వగైరా 80,000, మందులు, పరికరాలు, పరీక్షలు 48,000 అనుకుందాం. పాలసీ ఇచ్చేది 6,000, 40,000, 48,000, మొత్తం 94,000. మీ చేతి నుంచి 46,000. అదే 3,000 లోపు షేరింగ్ రూమ్ తీసుకుంటే ఈ కోతే ఉండదు, చాలా హాస్పిటళ్లలో రూమ్ స్థాయి తగ్గితే సర్జన్ ఫీజు కూడా తగ్గుతుంది. రూమ్‌ను బట్టి ఛార్జీలు మార్చని హాస్పిటల్ అయితే ఈ కోత వేయకూడదని నిబంధన ఉంది, అదీ అడగండి. ఒకటి రెండు రాత్రుల కోసం 46,000 పోగొట్టుకోవడం నా దృష్టిలో అన్యాయం. షేరింగ్ రూమ్‌కు కొత్త ఎస్టిమేట్ రాయించుకోండి.

ఆ ఎస్టిమేట్‌లో ఏముందో చదవడానికి, లోపల జరిగే పని కొంచెం తెలిసి ఉండాలి. మూత్రమార్గం గుండానే సన్నని స్కోప్ (లోపల చూడటానికి వాడే గొట్టం) పంపుతారు, బయట కోత ఉండదు. మూత్రనాళంలో రాయికి సాధారణంగా వాడేది దాదాపు నిటారుగా ఉండే స్కోప్, కిడ్నీలో రాయికి వంగే స్కోప్. ఈ వంగే స్కోప్‌తో కిడ్నీ రాయి తీసే పద్ధతినే ఆర్‌ఐఆర్‌ఎస్ అంటారు. హోల్మియం లేదా థూలియం లేజర్‌తో రాయిని పొడి చేస్తారు. ఖర్చు పెరిగేది ఈ వంగే స్కోప్ వల్లే. అది ఖరీదైనది, సున్నితమైనది. కొన్ని చోట్ల ఒక్కసారి వాడి పారేసే రకం వాడతారు, దాని ధర మీ బిల్లులో పడుతుంది. లేజర్ ఫైబర్, దారి చూపే గైడ్ వైర్, స్కోప్ వెళ్లే గొట్టం (యాక్సెస్ షీత్), రాయిని పట్టే బాస్కెట్ కూడా విడిగా రాస్తారు. అందుకే ‘ప్యాకేజీ’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. ఇవన్నీ అందులోనే ఉన్నాయా, స్కోప్ ఏ రకం అని అడగండి. గ్లౌజులు, కొన్ని డిస్పోజబుల్స్ లాంటివి చాలా పాలసీలు ఇవ్వవు, వాటికి కొన్ని వేలు మీ దగ్గర ఉంచుకోండి.

ఇంకొక ప్రశ్న తప్పనిసరిగా అడగాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ ముందే చెప్పరు. కొందరిలో మూత్రనాళం ఇరుకుగా ఉండి మొదటిసారి స్కోప్ కిడ్నీ దాకా పోదు. అప్పుడు బలవంతం చేయకుండా స్టెంట్ పెట్టి పంపేసి, కొన్ని వారాలకు నాళం వదులయ్యాక మళ్లీ రమ్మంటారు. అది మంచి వైద్యమే. కానీ మీకు అది రెండు అడ్మిషన్లు, రెండు బిల్లులు. ‘రెండు సిట్టింగులు అవసరమైతే మొత్తం ఎంత?’ అని అడిగి ఎస్టిమేట్ మీద రాయించుకోండి. విడి సీలింగ్ లేకపోతే మీ 3 లక్షల్లో అది సర్దుబాటు అవుతుంది, కానీ ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు.

ముందే తేదీ పెట్టుకుని చేయించుకునే ఆపరేషన్ కాబట్టి రెండు మూడు రోజుల ముందే క్యాష్‌లెస్‌కు, అంటే బీమా కంపెనీయే హాస్పిటల్‌కు నేరుగా కట్టేలా, అప్లై చేయించండి. దరఖాస్తు అందిన గంటలో అనుమతి సంగతి తేల్చాలని, డిశ్చార్జ్ రోజున మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలని 2024లో ఐఆర్‌డీఏఐ చెప్పింది. 24 గంటల లోపే ఇంటికి పంపినా క్లెయిమ్ పోతుందని భయపడకండి, ఇలాంటివి డే కేర్ (ఒక రోజు కూడా ఉండనక్కర్లేని చికిత్స) కింద వస్తాయి. పోయిన నెల స్కాన్ బిల్లు, కన్సల్టేషన్ రసీదులు పారేయకండి. అడ్మిషన్‌కు ముందు 30 రోజుల ఖర్చులు చాలా పాలసీలు ఇస్తాయి, అది కూడా ఎక్కువ ఆలస్యం చేయకపోవడానికి ఒక కారణం.

స్టెంట్ విషయంలో గట్టిగా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం కొన్ని వారాలు ఉంచుతారు. తీయడం చిన్న పనే. కానీ ‘నొప్పి లేదు కదా, జీతం వచ్చాక చూద్దాం’ అని వాయిదా వేసి మర్చిపోయేవాళ్లు ఉన్నారు. నెలల తరబడి వదిలేస్తే దాని మీదే రాయి పేరుకుంటుంది, అప్పుడు దాన్ని తీయడమే ఒక పెద్ద ఆపరేషన్. ఆ 12,000 ఈ రోజే విడిగా పక్కన పెట్టండి. స్టెంట్ పెట్టామని, ఫలానా తేదీకి తీయాలని డిశ్చార్జ్ సమ్మరీలో రాయించండి. అలా రాసి ఉంటే డిశ్చార్జ్ తర్వాతి ఖర్చుల కింద గానీ, డే కేర్ కింద గానీ ఆ డబ్బు కూడా అడగొచ్చు.

లెక్క ఇప్పుడు చూడండి. షేరింగ్ రూమ్, సీలింగ్ లేని గ్రూప్ పాలసీ అయితే పాలసీ ఇవ్వని వస్తువులు, స్టెంట్, రాకపోకలు, సెలవు రోజులు అన్నీ కలిపినా మీ 55,000 దాటే అవకాశం తక్కువ. ఒకవేళ సీలింగ్ ఉండి ఎక్కువ కట్టాల్సి వస్తే, ఎఫ్‌డీని విరగ్గొట్టకుండా దాని మీదే బ్యాంకులో లోన్ తీసుకోండి. వడ్డీ ఎఫ్‌డీ వడ్డీ కంటే కొంచెమే ఎక్కువ, ఎఫ్‌డీ అలాగే నడుస్తుంది. హాస్పిటల్లో ‘నో-కాస్ట్ ఈఎమ్ఐ’ అంటే ప్రాసెసింగ్ ఫీజు ఎంతో చూడకుండా సంతకం పెట్టకండి. చీటీ ఇంత తొందరగా పాడితే వదులుకునే కసరే ఎక్కువ. బంగారం జోలికి వెళ్లే అవసరం మీకు కనిపించడం లేదు.

ఇదే సమస్యతో ఉండి కంపెనీ పాలసీ లేనివాళ్లు ఇది చదువుతుంటే: జీతం 21,000 లోపు అయితే ఈఎస్ఐ, కార్డు ఉంటే ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ ముందు అడగండి. రాళ్ల ఆపరేషన్లు వాటిలో ఉన్నాయి. 70 దాటిన పెద్దవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు ఉంది.

ఇక మీ సొంత పాలసీ. జాగ్రత్తలు లేకపోతే పదేళ్లలో దాదాపు సగం మందికి రాళ్లు మళ్లీ వస్తాయి. ఉద్యోగం మారితే గ్రూప్ పాలసీ ఉండదు. అందుకే ఆపరేషన్ అయి, స్టెంట్ తీసేశాక ముగ్గురికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్ (కుటుంబం అంతా పంచుకునే ఒకే కవర్) తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి పాలసీల మీద జీఎస్టీ లేదు. రాళ్ల చరిత్ర రాస్తే వెయిటింగ్ పీరియడ్ పెడతారు, పెట్టనివ్వండి. ఆ రెండు మూడేళ్లు కంపెనీ పాలసీ కాస్తుంది. ఆలోపు కంపెనీ మానేయాల్సి వస్తే, అదే ఇన్సూరెన్స్ సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలు ఉందేమో మానేయడానికి ముందే హెచ్‌ఆర్‌తో మాట్లాడండి. 60 నెలలు ఆపకుండా ప్రీమియం కడితే, మోసం ఉంటే తప్ప, ‘ఫారంలో అది చెప్పలేదు’ అని క్లెయిమ్ తిరస్కరించడానికి వీల్లేదు.

తీసిన రాయిని ల్యాబ్‌కు పంపించమని సర్జన్‌ను ముందే అడగండి. అది ఏ రకమో తెలిస్తేనే ఏం తగ్గించాలో, ఏం తాగాలో సరిగ్గా చెప్పగలరు. ఖర్చు ఈ బిల్లులో లెక్కకు రానంత చిన్నది. ఆ రిపోర్టు, స్కాన్‌లు, డిశ్చార్జ్ సమ్మరీ, స్టెంట్ తీసిన రసీదు ఒకే ఫైల్‌లో పెట్టి ఫోన్‌లోనూ దాచండి. కొత్త పాలసీ ప్రపోజల్ ఫారం మీవారే నింపాలి, దాంతో పాటు పంపాల్సినవి ఈ కాగితాలే.