అమ్మలూ, ఎర్త్ వైరు మాత్రం కొయ్యకు

అమ్మలూ,

గ్లాస్గోలో సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసిన దగ్గర్నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. ఎలక్ట్రానిక్స్, సంగీతం కలిపి ఒకే డిగ్రీగా చెప్తారని నీవల్లే తెలిసింది. నాకు తెలిసి ఆ రెండూ కలిసిన చోటు తెనాలిలో మన మైకుసెట్టు కొట్టొక్కటే. భౌతికశాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ 1846 నుంచి 1899 దాకా పాఠం చెప్పిన యూనివర్సిటీ అది. అక్కడ మా చెల్లెలి కూతురు చదవబోతోందని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్తున్నాను.

చలికోటు, ఊరగాయ మీ అమ్మ చూసుకుంటుంది. లెక్కలు వదలకు, ఫిల్టరైనా ఎకో అయినా లోపలుండేది లెక్కే. సాల్డరింగ్ చేసేటప్పుడు కిటికీ తెరిచి పెట్టుకో.

ఇక అసలు మాట. 1988లో శ్రీరామనవమికి పక్క ఊళ్లో హరికథ. రెండు ఆంప్లిఫయర్లు పందిరికి రెండు వైపులా వేరే వేరే ప్లగ్గుల్లో పెట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానికి సిగ్నల్ ఇచ్చాను. రెండు ఎర్తులూ ఆ సిగ్నల్ వైరుతో కలిసి చుట్టులా అయ్యి, గుయ్యిమని ఒకటే హమ్. జనం వచ్చేస్తున్నారు. నేను కటింగ్ ప్లయర్ తీసి, మైకు తగిలించిన ఆంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్త్ వైరు కోసేశాను. హమ్ టక్కున పోయింది. కమిటీ పెద్ద భుజం తట్టాడు, పొంగిపోయాను.

దాని ట్రాన్స్‌ఫార్మర్లోంచి పెట్టె రేకుకి కరెంటు లీకవుతోందని నాకు తెలీదు. ఇక దానికి మిగిలిన ఎర్తల్లా ఆ సన్నటి సిగ్నల్ వైరే. రాత్రి పదింటికి ఎవరి కాలో తగిలి అదీ ఊడింది. దుమ్ము లేవకుండా పందిట్లో నీళ్లు చల్లారు. దాసుగారు వట్టి కాళ్లకు గజ్జెలు కట్టుకుని ఉన్నారు. పద్యం ఎత్తుకుంటూ మైకు పట్టుకున్నారు, చెయ్యి అతుక్కుపోయింది. ఆయన నోట్లోంచి వచ్చిన ఆ శబ్దం నాకిప్పటికీ వినిపిస్తుంది. పరిగెత్తి మెయిన్ ఆపాను. బతికారు. కుడిచేతి వేళ్లు రెండు కాలి, చిరతలు పట్టలేక, ఆ నవమికి మిగిలిన కథలన్నీ మానుకున్నారు. ఆయనకదే జీవనం.

అందరూ ఏమైందని అడిగితే, లైన్లో ఎక్కువ కరెంటు వచ్చిందన్నాను. ఊరంతా లైన్‌మన్‌ని తిట్టిపోశారు. నేను నోరు విప్పలేదు. మీ అత్తయ్యకి కూడా ఈ సంగతి తెలీదు.

నీకూ హమ్ వస్తుంది, తప్పదు. ముందు సామానంతా ఒకే ప్లగ్గు బోర్డు మీదికి తెచ్చుకో. అయినా పోకపోతే, వాయిద్యాన్ని మిక్సరుకి కలిపే డీఐ బాక్సులో గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంటుంది. అది సిగ్నల్ గ్రౌండునే విడదీస్తుంది, ప్రాణం కాపాడే ఎర్తుని ముట్టుకోదు. అక్కడి ప్లగ్గుకి ఎర్త్ పిన్నే పొడుగు. అది లోపలికి దిగితేనే సాకెట్లో మిగతా రెండు కంతల మూతలు తెరుచుకుంటాయి. ఎంత మంచి పనితనమో చూడు. స్నేహితులెవరైనా తీసెయ్యమంటే, మా మావయ్య ఒప్పుకోడని చెప్పు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గంటలకొద్దీ కూర్చోకు. చెవి తట్టుకునేది 85 డెసిబెల్స్‌ మోతలో రోజుకి 8 గంటలైతే 88లో 4 గంటలే. నా ఎడం చెవిలో పదిహేనేళ్లుగా కీచురాయి ఆగడం లేదు.

వీణ తీసుకెళ్తున్నావుగా. దాని కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే పీజో పికప్‌ని మామూలు లైన్ ఇన్‌పుట్‌కి తగిలిస్తే మంద్రం పల్చబడిపోతుంది. ఒక మెగాఓమ్ నిరోధమున్న ఇన్‌పుట్ చూసుకో. 1983లో మిడీ, అంటే ఎలక్ట్రానిక్ వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష, తెచ్చినవాళ్ల మనసులో ఉన్నది కీబోర్డు. స్వరానికో నంబరిచ్చారు. తోడి రాగంలో నీ గాంధారం ఏ నంబరు దగ్గరా నిలబడదు. దాన్ని అందులోకి ఎలా దించుతావో చూడాలని ఉంది నాకు. ఆరేళ్ల పిల్లవి, నా రేడియో విప్పి స్పీకరు కాగితం మీద వేలు పెట్టి, “మావయ్యా, పాట కదుల్తోంది” అన్నావు. ఆ రోజు నిన్ను కొట్టబోయి ఆగిపోయాను.

పెట్టె అడుగున నా టెస్టరూ, మల్టీమీటరూ పెట్టించాను. మొదటి ల్యాబ్ అయ్యాక ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే. ఆ లైన్‌మన్ రిటైరై ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఆదివారం వెళ్తున్నాను.

మీ మావయ్య