ఆ పోస్టర్లలో రంగులెందుకు లేవు?

ప్రశ్న: స్విట్జర్లాండ్ డిజైనర్ ఆర్మిన్ హాఫ్‌మన్ పోస్టర్ల గురించి మా సార్ తెగ చెబుతుంటారు. నాకేమో అవి నలుపు తెలుపుల్లో బోసిగా కనిపిస్తాయి. ఆయన గొప్పేమిటి? అలాంటివి చేసిస్తే మన దగ్గర ఎవరైనా డబ్బులిస్తారా?
- ఒక డిజైన్ విద్యార్థి, గుంటూరు

జవాబు: రెండో దానికి ముందు చెప్పేస్తాను. కష్టమే. విజయవాడలో ఒక ప్రెస్సులో ఇరవై ఏళ్లు ఆర్టిస్టుగా చేశాను. ఒక నాటకం పోస్టర్‌లో జానెడు చోటు ఖాళీగా వదిలితే, పని తెచ్చినాయన "ఇక్కడ జాగా ఉందిగా, మా బావమరిది ఫొటో వేసేయండి" అన్నాడు. వేశాను, ఏం చేస్తాం!

హాఫ్‌మన్ కూడా ప్రెస్సు వాసన తెలిసిన మనిషే. 1920లో వింటర్‌టూర్‌లో పుట్టి, లితోగ్రఫీ (రాతి పలక మీద బొమ్మ గీసి అచ్చువేసే) పని నేర్చుకున్నారు. 1947లో బాసెల్ నగరంలోని డిజైన్ స్కూల్లో చేరి దాదాపు నలభై ఏళ్లు అక్కడే పాఠాలు చెప్పారు. అమెరికాలో యేల్ యూనివర్సిటీకీ, మన అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీకీ వెళ్లి నేర్పారు. పోస్టర్లేమో ఎక్కువగా బాసెల్ నాటకశాలకీ, మ్యూజియంలకీ. సబ్బులు, సిగరెట్లు అమ్మిపెట్టే పని కాదు కాబట్టి, బావమరుదుల బెడద ఆయనకి కాస్త తక్కువే అనుకుంటాను.

రంగుల సంగతికి వద్దాం. స్విట్జర్లాండ్ వీధి పోస్టర్లకి ఒక ప్రామాణిక సైజు ఉంది: 90.5 సెంటీమీటర్ల వెడల్పు, 128 ఎత్తు. అన్నీ పక్కపక్కనే అంటిస్తారు. మనదే పెద్దగా వేసి నెగ్గుదామంటే కుదరదు. చుట్టూ ప్రకటనలన్నీ రంగులతో అరుస్తున్నాయి, రంగు చవకబారిపోయింది అని హాఫ్‌మన్ బాధ. అందుకే నలుపు తెలుపులు పట్టుకున్నారు. అలాంటి వరసలో కన్ను ఆగేది రంగు లేనిదాని దగ్గరే.

1959లో 'జిజెల్' బ్యాలేకి చేసిన పోస్టర్ తీసి చూడండి. నల్లటి నేపథ్యం మీద గిర్రున తిరుగుతున్న నర్తకి. ఫొటో అలికినట్టుంటుంది, ఒంటి అంచులు చీకట్లో కలిసిపోతాయి. పక్కనే పేరు నిలువుగా, తెల్లటి అక్షరాల్లో, చాకుతో కోసినట్టు. ఆ అక్షరాలు కదలవు కాబట్టే ఆమె కదులుతున్నట్టుంటుంది. వేలితో పేరు మూసి చూడండి, తిరగడం సగం ఆగిపోతుంది. అక్కడ మీకు బోసిగా కనిపించిన నలుపు ఖాళీ కాదు, ఆమె తిరిగే స్టేజి.

ఇది ఒక్కరోజులో వచ్చే విద్య కాదు. 1965లో వచ్చిన ఆయన పాఠ్యపుస్తకం చుక్కతో మొదలవుతుంది. ఉత్త చుక్క! మన ముగ్గులాగే అనుకోండి.

మీరు ఒక పని చేయండి. మీ తర్వాతి పోస్టర్‌ని ఒక కాపీ నలుపు తెలుపులో తీయించి, సెంటర్లో ఫ్లెక్సీల మధ్య పెట్టి, రోడ్డుకి అవతల నుంచి చూడండి. క్లయింటునీ వెంట తీసుకెళ్లండి. బావమరిది వద్దు.