బావగారి కొట్టు, మీ బిల్లు

ప్రశ్న: నా వయసు 44. మాది నెల్లూరు. పెళ్లయ్యాక చెన్నైలో స్థిరపడ్డాం. పదకొండేళ్ల క్రితం ఉద్యోగం మానేసి సొంతంగా ప్రకటనల ఏజెన్సీ పెట్టాను. టీ నగర్‌లో బట్టల కొట్టు ఉన్న మా బావగారే నా మొదటి క్లయింటు. మొన్నటి ఆడి మాసపు తగ్గింపు అమ్మకాల నుంచి దీపావళి దాకా చేసిన పనికి పన్నులు కాక 26 లక్షలు ఆయన నుంచి రావాలి. అందులో 16 లక్షలు పత్రికా ప్రకటనలవి. ‘ఇంటి డబ్బు ఇంట్లోనే ఉంది కదా’ అంటారు అత్తగారు. అన్నయ్యను ఎలా అడుగుతామంటారు బ్యాంకు అధికారి అయిన మావారు. సిబ్బంది జీతాల కోసం, పెళ్లిలో అత్తగారు పెట్టిన కాసుల పేరును ఎవరికీ చెప్పకుండా తాకట్టు పెట్టాను. ఫాల్గుణంలో ఆడపడుచు కూతురి పెళ్లి ఉంది. ఇంతలో ఒక పెద్ద ఏజెన్సీ నా సంస్థను కొంటానంటోంది. అమ్మేసి ఉద్యోగంలో చేరమంటున్నారు మావారు. ఏం చేయాలి?
– ఒక సోదరి, చెన్నై

జవాబు: అమ్మాలా వద్దా అన్న మీ ప్రశ్నకు చివరలో వస్తాను. ముందుగా మీ అత్తగారి మాటను పరిశీలిద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో అందరూ, కొంతవరకు మీరు కూడా, ఆ మాటను నమ్ముతున్నట్టు ఉత్తరం చదువుతుంటే తెలుస్తోంది.

పత్రికలో ప్రకటన వేయించినందుకు ఏజెన్సీకి వాడుకగా దక్కేది నూటికి 15 రూపాయల కమీషన్ మాత్రమే. తక్కిన 85 రూపాయలు క్లయింటు ఇచ్చినా ఇవ్వకపోయినా గడువులోగా పత్రికకు కట్టవలసిందే, ఎందుకంటే ప్రకటన వేయమని పత్రికకు ఇచ్చే రిలీజ్ ఆర్డరు మీద ఉన్నది మీ సంతకం. ఆ లెక్కన 16 లక్షల్లో మీ సొమ్ము 2,40,000. మిగిలిన 13,60,000 మీ చేతి నుంచి పత్రికలకు వెళ్లిపోయింది. డిజైన్లు, వీడియోలు వగైరా మీ సొంత పనికి వేసిన 10 లక్షల బిల్లు మీద 18 శాతం జీఎస్టీ, అంటే 1,80,000, డబ్బు రాకముందే ప్రభుత్వానికి చెల్లించి ఉంటారు. కనుక ఇంట్లోనే ఉందంటున్న ఆ డబ్బు ఇంట్లో లేదు. బావగారి కొట్టులో వ్యాపారానికి తిరుగుతోంది, దానికి వడ్డీ మాత్రం మీ కాసుల పేరు కడుతోంది. అంతేకాదు, ఎగవేసిన ప్రతి 85 రూపాయలను కమీషన్‌తో పూడ్చుకోవాలంటే మీరు మరో 567 రూపాయల ప్రకటనలు తేవాలి. ఈ సంగతి అత్తగారికి ఎవరూ చెప్పి ఉండరు. చెప్పకపోతే ఆవిడకు తెలిసే దారి లేదు.

మీ పొరపాటు కూడా ఉంది, చెప్పక తప్పదు. పదకొండేళ్లుగా బావగారి పనిని మీరు భోజనాల బల్ల దగ్గరా వాట్సాప్‌లోనూ తీసుకుని, బిల్లులను పండగ వెళ్లాక కట్టగట్టి ఇచ్చే అలవాటు చేశారని నా అనుమానం. ఉద్యోగం వదిలిన రోజుల్లో మొదటి పని ఇచ్చిన మనిషి పట్ల కృతజ్ఞత ఉండడం సహజమే అయినా, ఆ కృతజ్ఞతను బిల్లుల గడువు సడలించి తీర్చుకోవాలనుకున్నందువల్లే ఆయన దృష్టిలో మీ ఏజెన్సీ తాను మరదలికి చేసిన సాయంగానే మిగిలిపోయింది. న్యూయార్క్‌లో 1966లో వెల్స్ రిచ్ గ్రీన్ అనే ఏజెన్సీని స్థాపించిన మేరీ వెల్స్, తన పెద్ద క్లయింట్లలో ఒకటైన బ్రానిఫ్ విమాన సంస్థ అధినేతను మరుసటి ఏడాది వివాహం చేసుకుంది. ఆ తర్వాత ఆమె ఏజెన్సీ బ్రానిఫ్ పనిని వదులుకుని మరో విమాన సంస్థ టీడబ్ల్యూఏ పని చేపట్టింది. మన ఇళ్లలో అంత దూరం వెళ్లనక్కరలేదు, కానీ చుట్టరికానికీ ఖాతాకూ మధ్య ఒక గీత ఉండాలని ఆమెకు తోచింది.

ఇక నగ విషయం. పెళ్లిలో పెట్టిన బంగారం స్త్రీధనం. ఎవరు పెట్టినా అది మీదేనని 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కూడా. తాకట్టు పెట్టే హక్కు మీకుంది. మిమ్మల్ని తినేస్తున్నది దాచిన విషయం బయటపడుతుందన్న భయం. కనుక ఈ వారమే మీ భర్తకు చెప్పండి. తాకట్టు రసీదును, పత్రికలకు చెల్లించిన వివరాలున్న ఖాతా పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి చెప్పండి. రోజూ అప్పుల ఖాతాలు చూసే మనిషికి ఆ పుస్తకం త్వరగా అర్థమవుతుంది. నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి. అన్నగారిని అడగమని మాత్రం ఆయనను కోరకండి; అడిగే పని మీది, పక్కన కూర్చునే పని ఆయనది.

బావగారిని ఇంట్లో, తోటికోడలి ఎదుట అడగవద్దు. పనివేళల్లో కొట్టుకు వెళ్లి, పత్రికలకు మీరు కట్టిన 13,60,000 ముందుగా, మిగిలినది మూడు నెలల వాయిదాల్లో చెల్లించేలా తేదీలు కాగితం మీద రాయించుకోండి. ఇకముందు పత్రికా ప్రకటనకు డబ్బు ముందుగా అందాకే రిలీజ్ ఆర్డరు ఇస్తానని మర్యాదగా, ఒక్కసారే చెప్పండి.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం లేని చోట 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా చిన్న సంస్థలకు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. మీ సంస్థకు ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) లేకపోతే వెంటనే చేయించండి, రుసుము లేదు. గడువు దాటిన బాకీని చెల్లించే దాకా కొనుగోలుదారు ఖర్చుగా చూపలేడన్న ఆదాయపన్ను నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజులు దాటితే, మీ బిల్లులోని జీఎస్టీని తన పన్నులో తగ్గించుకుని ఆయన వాడుకున్న క్రెడిట్‌ను వడ్డీతో తిరిగి కట్టాలి, మీ ఆడి మాసపు బిల్లులు ఆ గడువు దాటి ఉండవచ్చు. ఆయన ఆడిటరుకు ఇవన్నీ తెలుసు. మీరు బెదిరింపుగా వాడవద్దు; మీ ఆడిటరు చేత ఒక ఉత్తరం రాయిస్తే చాలు. చిన్న సంస్థల బకాయి వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేసే అవకాశం ఉన్నా, అది అన్ని తలుపులూ మూసుకున్నాక చూడవలసిన దారి.

అమ్మకం మాట ఇప్పుడు వద్దు. చుట్టం దగ్గర 26 లక్షలు ఇరుక్కున్న సంస్థకు ఎవరైనా ధర తగ్గించే అడుగుతారు; పైగా, అలసిపోయి అమ్మిన వస్తువు మీద తర్వాత మనసు పీకుతూనే ఉంటుంది. బాకీ వసూలై రెండు త్రైమాసికాలు సాఫీగా గడిచాక కూడా ఉద్యోగం వైపే మనసు లాగితే అప్పుడు అమ్మండి, అందులో తప్పేమీ లేదు.

ఫాల్గుణానికి కాసుల పేరు విడిపించలేకపోతే గిల్టు నగ తొడుక్కుని పెళ్లికి వెళ్లకండి. పెళ్లికి నాలుగు రోజుల ముందే, మీ భర్త పక్కనుండగా, నగ ఎక్కడుందో, ఎవరి బిల్లు రాక అక్కడికి వెళ్లిందో అత్తగారికి మీరే చెప్పండి.