బీప్ కొట్టే యూపీఎస్, వినిపించుకోని కంప్యూటరు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. కొబ్బరి వర్తకం లెక్కలు కంప్యూటరులోనే రాస్తాం. గాలివాన వస్తే చాలు, కొబ్బరి మట్టలు తీగల మీద పడి గంటల తరబడి కరెంటు ఉండదు. 600 వీఏ యూపీఎస్ ఉన్నా, కొట్టులో ఎవరూ లేనప్పుడు అది కాసేపు బీప్ కొట్టి ఆగిపోతోంది, దాంతోపాటే కంప్యూటరూ ఆరిపోతోంది. రెండుసార్లు లెక్కల ఫైలు పాడైంది. దానంతటదే సక్రమంగా షట్‌డౌన్ అయ్యే మార్గం ఉందా?

జవాబు: ఉంది. మీ యూపీఎస్ కంప్యూటరుకు కరెంటు ఇస్తోంది గానీ, కరెంటు పోయిందన్న కబురు అందించడం లేదు. దాని వెనుక యూఎస్‌బీ సాకెట్ ఉందేమో చూడండి. చవక రకాల్లో చాలావాటికి అది ఉండదు. అలాంటప్పుడు ఏ సెట్టింగూ పనిచేయదు, సాకెట్ ఉన్నది కొనుక్కోవలసిందే. ఉంటే, కేబులు కలపగానే చాలా రకాలకు విండోస్‌లో గడియారం పక్కన ల్యాప్‌టాప్‌లో మాదిరిగా బ్యాటరీ బొమ్మ కనిపిస్తుంది. కనిపించకపోతే తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి.

తరువాత కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోని బ్యాటరీ విభాగంలో ‘క్రిటికల్ బ్యాటరీ యాక్షన్’ వద్ద హైబర్నేట్ ఎంచుకోండి. షట్‌డౌన్ అయితే సేవ్ చేయని పద్దు పోతుంది. హైబర్నేట్ తెరిచి ఉన్న పనినంతా డిస్కులో దాచి ఆపుతుంది కనుక, సగం రాసిన పద్దు వదిలి భోజనానికి వెళ్లేవారికి నా సలహా ఇదే. ‘క్రిటికల్ లెవెల్’, అంటే హైబర్నేట్ మొదలయ్యే బ్యాటరీ స్థాయి, సాధారణంగా 5 శాతం దగ్గర ఉంటుంది. దానిని 40కి, బ్యాటరీ తగ్గిందని హెచ్చరించే ‘లో లెవెల్’ను 50కి పెంచండి. లోపలి 12 వోల్టుల చిన్న బ్యాటరీ రెండు మూడేళ్లు వాడాక, సగం ఉందని చూపిస్తూనే చటుక్కున చతికిలబడుతుంది. 5 శాతాన్ని నమ్ముకుంటే ఆ అంకె వచ్చేలోపే అంతా ఆరిపోతుంది.

ఇదంతా పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి ఒక ఖాళీ ఫైలు తెరిచి, గోడ స్విచ్ ఆపి చూడండి. ఎర్త్ తెగకూడదు కాబట్టి ప్లగ్ మాత్రం పీకవద్దు. లేజర్ ప్రింటరును యూపీఎస్‌కు తగిలించి ఉంటే ముందే తీసేయండి, ఆ భారం అది మోయలేదు.

కరెంటు రాగానే కంప్యూటరు తిరిగి ఆన్ అయ్యే ఏర్పాటు బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందే నడిచే మూల సెట్టింగుల్లో, ఉంటుంది. మీరు దాని జోలికి పోవద్దు. గాలివాన రోజున కరెంటు నాలుగుసార్లు వచ్చి పోతుంది, ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికేమో గంటలు పడుతుంది. ఈలోగా తానే ఆన్ అయిన కంప్యూటరు మళ్లీ చటుక్కున ఆరిపోవచ్చు.